జేబు నిండితే డబ్బా

మా తోడల్లుడు ఏ వస్తువునీ నేరుగా దాని చోట పెట్టడు. ఆయనకున్న జబ్బు అదొక్కటే. ముందు జేబులో వేసుకుంటాడు. జేబు నిండితే బోర్లించి, వరసగా పేర్చి, ఒక డబ్బాలో సర్దుతాడు. డబ్బాలు గుట్టపడితే ఒక ఆదివారం మధ్యాహ్నం చాప పరిచి, అన్నిటినీ కలిపి మళ్లీ ఒకే డబ్బా చేస్తాడు. మిగతా మనుషులు పుడతారు, పెరుగుతారు, ముసలివాళ్లవుతారు. మా తోడల్లుడు మాత్రం నిండుతాడు, ఖాళీ అవుతాడు, మళ్లీ నిండుతాడు. చంద్రుడికీ ఆయనకీ తేడా అల్లా చంద్రుడికి జేబులు లేకపోవడమే.

ఇలాంటి మనిషిని చూసి ఎవరైనా నవ్వుకుంటారు. నేను కుళ్లుకున్నాను. ఆయన మా ఆవిడ అక్క మొగుడు. ఆఫీసులో నా పక్క కుర్చీ. ఆఫీసులో ఒకణ్ణి చూసి కుళ్లుకునేవాడికి ఇంటికొచ్చాకైనా కాస్త తెరిపి ఉంటుంది. నాకు ఆ తెరిపి కూడా లేదు.

ముందు ఆ చొక్కాల సంగతి చెప్పాలి. మా అత్తగారు పెద్ద కూతురూ అల్లుడితో కలిసే ఉంటూ, ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. పెద్దల్లుడి చొక్కాలన్నీ ఆవిడే కుడుతుంది. అవి చొక్కాలు కావు, జేబులకి చేతులు తగిలించినట్టుంటాయి. ముందు జేబులు, పక్క జేబులు, జేబులోపల జేబులు. నాకూ ఒకటి కుట్టమని మా ఆవిడ చేత అడిగించాను. "ఆయనకి దుకాణం చొక్కాలే బాగుంటాయిలే" అందిట. ఆ రోజు నుంచి నా చొక్కాలన్నీ నాకు అనాథల్లా కనిపించాయి.

జేబులో వేసుకునే ముందు ఆయన ఆ వస్తువు పేరు ఒకసారి గొణుక్కుంటాడు. "మేకు." "తలనొప్పి బిళ్ల." "కిటికీ గొళ్లెం స్క్రూ."

"ఎందుకన్నయ్యా ఆ జపం?" అని అడిగాను ఒకసారి.

"జేబు చిరిగిందనుకో తమ్ముడూ. నోరైనా గుర్తుపెట్టుకుంటుంది."

నిజంగానే ఒకరోజు చిరిగింది. ఆఫీసునుంచి నడిచివస్తూ ఇంటి గుమ్మంలో చూసుకున్నాడు. మనమైతే అయ్యో అనుకుంటాం. ఆయన వెనక్కి తిరిగి, పొద్దుటినుంచి గొణుక్కున్నవన్నీ అదే వరసలో అప్పజెప్పుకుంటూ వీధంతా నడిచి, ఒక్కొక్కటే ఏరుకొచ్చాడు. చివర్న ఒక వేరుశనగ గింజ మాత్రం దొరకలేదు. "ఉడత కనిపించింది. దానికి చెల్లు" అన్నాడు.

వెతకడానికీ ఆయనకో పద్ధతి ఉంది. వదిన వంటింట్లోంచి కేకేస్తుంది.

"కత్తెర ఎక్కడ పెట్టారు?"

"వస్తున్నా." ముందు జేబులు తడుముకుంటాడు. తర్వాత కొత్త డబ్బా. తర్వాత దానికంటే పాతది.

"అది ఆ అడుగు డబ్బాలోనే ఉందని మీకూ తెలుసు, నాకూ తెలుసు. నేరుగా అదే తియ్యచ్చుగా?"

"అడుగు డబ్బాలో ఉన్నది పాత కత్తెర. ఆ తర్వాత ఇంకోటి కొని ఉంటే? పైనుంచి రావాలి. కొత్త మాటే నిజం."

"నేను చేసుకున్నది మనిషినా గోడౌన్‌నా అన్నది ఇవాళ్టికీ తేలలేదమ్మా" అంటుంది వదిన మా ఆవిడతో. కానీ అలా అంటున్నప్పుడు ఆవిడ మొహంలో వెలుగుండేది. మా ఆవిడ నా గురించి చెప్పేటప్పుడు ఆ వెలుగు ఉంటుందా అని నేను చాలాసార్లు పక్కనుంచి చూశాను. దీపం మార్చాల్సిన గదిలా ఉండేది.

ఇక ఆఫీసు. మాది పెళ్లి సంబంధాలు చూపించే సంస్థ. ఫోటో, పొడుగు, చదువు, స్వభావం చెప్పి జనం రోజంతా వివరాలు పంపుతూనే ఉంటారు. అవన్నీ దాచే యంత్రాలు మా ఇద్దరి చేతిలో ఉంటాయి. చిత్రమేమిటంటే ఆ యంత్రాలు అచ్చం మా తోడల్లుడే. వచ్చింది వచ్చినట్టు ఒకసారి గబగబా రాసుకుని, మెమరీలో ఉంచుకుంటాయి. అది వాటి జేబు. జేబు నిండగానే వరసగా పేర్చి డిస్కు మీదికి ఒక కొత్త ఫైలుగా దించేస్తాయి. పాత ఫైలుని దిద్దడమంటూ ఉండదు. ఎవరైనా ఫోటో మార్చుకుంటే కొత్త ఫోటో కొత్త ఫైల్లోకి వెళ్తుంది, పాతది పాత ఫైల్లోనే ఉంటుంది. అడిగినవాళ్లకి పైనున్న కొత్తదే కనిపిస్తుంది. అలా ఫైళ్లు గుట్టపడ్డాక అన్నిటినీ కలిపి, పాతవాటిని వడగట్టి, ఒకటి చేస్తాయి. ఆయన ఈ విద్య యంత్రాల దగ్గర నేర్చుకున్నాడా, లేక యంత్రాలు చేసినవాళ్లెవరో ఆయన ఇంట్లో ఓ ఆదివారం గడిపారా అన్నది నాకు తెలీదు. అదే పని నేను చదివి నేర్చుకున్నాను. ఆయన పుట్టుకతో తెచ్చుకున్నాడు. కుళ్లడానికి ఇది చాలదా.

అన్నిటికంటే వింత, తీసేసే పద్ధతి. "మాకు పెళ్లి కుదిరింది, మా వివరాలు తీసెయ్యండి" అంటారు జనం. మా యంత్రాలు వెంటనే తీసెయ్యవు. 'ఈయన లేడు' అని ఒక గుర్తు పైన పెడతాయి. మనిషి అడుగున ఉంటాడు, పైన గుర్తుంటుంది. ఫైళ్లు కలిపినప్పుడు గానీ మనిషి పోడు. గుర్తు ఇంకా చాలాకాలం ఉంటుంది. ఎందుకంటే ఒకే సమాచారం మూడు యంత్రాల్లో ఉంచుతాం. ఒకటి పడుకున్నా మిగతావి పలకాలి కదా. ఆయన లేడన్న సంగతి మూడూ వినేదాకా గుర్తు కదలకూడదు.

ఇంట్లో ఆ గుర్తు ఎర్రదారం. ఏదైనా వద్దనుకుంటే మా తోడల్లుడు ఒక ఎర్రదారం ముక్క గుమ్మం పక్క మేకుకి కట్టేవాడు. ఒకసారి అత్తగారు దినపత్రిక మానేసింది. మేకుకి దారం వెలిసింది.

"మానేసినదానికి దారమెందుకు బాబూ?" అంది ఆవిడ.

"మానేశామని ఇంట్లో అందరికీ తెలియాలి అత్తయ్యా. మీ పెద్దమ్మాయి ఊళ్లో లేదు."

"వచ్చాక నేనే చెప్తాలే" అని ఆవిడ దారం పీకి ఊడ్చేసింది. చెప్పడం మర్చిపోయింది. వదిన ఊరినుంచి దిగింది. గుమ్మంలో పేపరు లేదు, మేకుకి దారం లేదు. ఎదురైన పేపరాయన్ని నడివీధిలో నిలదీసింది. మర్నాటినుంచి పేపరు మళ్లీ వచ్చి పడింది, అది కూడా క్షమాపణతో. అత్తగారు ఇప్పటికీ దాన్ని తిట్టుకుంటూ చదువుతుంది.

బాబూ అంటుంది చూశారా. అక్కడే నా గుండె కలుక్కుమనేది. పెద్దల్లుడు 'బాబూ'. నేను 'అల్లుడుగారూ'. ఆ 'గారు' అనే మాటకి ఒక గేటు, గేటుకో తాళం ఉంటాయి. సాయంత్రాలు ఆయన్ని కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడ గంటలకొద్దీ మాట్లాడేది. నేను వెళ్తే "కూర్చోండి అల్లుడుగారూ" అని కుర్చీ తుడిచేది. తుడిచిన కుర్చీలో కూర్చోవడమంత ఒంటరితనం ఇంకోటి లేదు.

పైగా ఆ గుండీలు. మాటలు అయిపోయాక ఆవిడ తన గుండీల పెట్టెలోంచి ఒకటి తీసి ఆయనకి ఇచ్చేది. ఆయన ఏదో గొణుక్కుని జేబులో వేసుకునేవాడు. నల్లవి, తెల్లవి, ముత్యంలా మెరిసేవి. ఆ ఇంటికి అల్లుణ్ణయ్యాక ఆవిడ నాకు గౌరవం ఇచ్చింది, మర్యాద ఇచ్చింది. గుండీ ఇవ్వలేదు.

"ఒక గుండీ కోసం ఇంత ఏడుపేంటండీ? మన చొక్కాలకి లేవా?" అంది మా ఆవిడ.

"చొక్కాకున్నది కొన్న గుండీ. అది ఇచ్చిన గుండీ."

ఆవిడ నా వంక జాలిగా చూసింది.

ఇలా ఉండగా మా మూడో యంత్రం జ్వరం వచ్చినట్టు వేడెక్కి మరమ్మతుకు వెళ్లింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆవిడకో సంగతి తెలిసింది. పెళ్లికి ముందు నేను మా సంస్థలోనే పెట్టుకున్న వివరాలు ఇంకా అలాగే ఉన్నాయి. తీసేయడం మర్చిపోయాను.

"అంటే ఇంకా చూస్తున్నారన్నమాట."

"అయ్యో, మర్చిపోయానే. రేపే తీసేయిస్తాను."

మర్నాడు మా తోడల్లుడికి చెప్పాను. "తమ్ముడు లేడు" అని గొణుక్కుంటూ గుర్తు పెట్టాడు. ఇంటికొచ్చి తీసేశానని చెప్పాను. ఆవిడ నమ్మింది.

మా మేనేజరు ఒకప్పుడు ఇంజనీరు. ఆ ఒకప్పుడు ఆయన్ని అప్పుడప్పుడూ పూనుతుంది. ఆ వారం పూనింది.

"డిస్కు నిండిపోతోందయ్యా. ఈ లేనివాళ్ల గుర్తులన్నీ ఎందుకు మోస్తున్నారు? లేనివాళ్లు లేరు. లేరని మళ్లీ రాసిపెట్టుకోవడమేంటి?"

"మూడోది ఇంకా వినలేదు సార్" అన్నాడు మా తోడల్లుడు. "అది తిరిగొచ్చి వినేదాకా ఉంచుదాం."

"నువ్వు చిత్తుకాగితం కూడా పారెయ్యవు. నీ మాట వింటే మనకి ఇంకో బిల్డింగు కావాలి."

తర్వాతి రోజు మా తోడల్లుడు సెలవు పెట్టాడు. అత్తగారికి కంటి పరీక్ష. తోడు ఎవరు రావాలని అడిగితే ఆవిడ క్షణం కూడా ఆలోచించలేదట. నాకూ కళ్లున్నాయి, నాకూ ఆస్పత్రి దారి తెలుసు. సరే, ఆ సంగతి వదిలేద్దాం. నేను మధ్యాహ్నం భోజనం ముగించుకుని వచ్చేసరికి మేనేజరు నా కుర్చీలో కూర్చుని చేతులు దులుపుకుంటున్నాడు.

"నేనే కలిపేశాను. గుర్తులన్నీ ఊడ్చేశాను. చూడు, ఎంత తేలిగ్గా ఉందో."

సాయంత్రం మూడో యంత్రం మరమ్మతునుంచి తిరిగొచ్చింది. ఊరినుంచి దిగిన వదినలాగే వచ్చింది. అది లేనప్పుడు పెళ్లిళ్లైన వాళ్లందరూ దాని దగ్గర ఇంకా బ్రహ్మచారులే. మిగతా రెండిటి దగ్గర ఆ మనుషులూ లేరు, లేరన్న గుర్తులూ లేవు. యంత్రాలకి నోరుంటే సంభాషణ ఇలా ఉండేది: "వీళ్లు మీ దగ్గర లేరా? ఎక్కడో జారిపోయుంటారు పాపం, తీసుకోండి." "అయ్యో, చూసుకోలేదమ్మా, ఇలా ఇవ్వు."

ఫోన్లు మొదలయ్యాయి. "మా ఆయనకి సంబంధాలొస్తున్నాయండీ" అని ఒక కొత్త పెళ్లికూతురు. "మా అల్లుడు అవివాహితుడని ఉందేమిటి?" అని ఒక మామగారు. ఒక పెద్దమనిషి మాత్రం గొంతు తగ్గించి, "తీసేయడానికి తొందరేం లేదు బాబూ, ఈ వారం ఉండనివ్వండి" అన్నాడు.

అప్పుడు ఇంటినుంచి ఫోనొచ్చింది.

మా అత్తగారు తన తమ్ముడి కూతురికి సంబంధాలు చూస్తోంది. ఆస్పత్రినుంచి కొత్త కళ్లద్దాలు పెట్టుకుని వచ్చి, ఫోను తీసి, మా సంస్థలోని పెళ్లికొడుకుల్ని చూడటం మొదలుపెట్టింది. ఆ కళ్లద్దాల్లోంచి ఆవిడ మొట్టమొదట స్పష్టంగా చూసిన మొహం నాది.

నేను ఇంటికి వెళ్లేసరికి మా ఆవిడ సంచీ సర్దుకుంటోంది. ఫోను నా ముందు పెట్టింది. "అవివాహితుడు. శాంతస్వభావి. ఇంటిపనుల్లో సాయపడతాడు. ఈ మూడింట్లో ఏ ఒక్కటైనా నిజమాండీ?"

"తీసేశానే. ఒట్టు. మూడో యంత్రం వచ్చి..."

"తీసేశానన్నారు. నేను నమ్మాను. మళ్లీ ఎలా వచ్చారు మరి? తీసేసినవాడు తనంతట తనే లేచి వస్తాడా?"

వస్తాడు. కానీ ఆ మాట మొగుడు చెప్తే ఏ భార్య నమ్ముతుంది? పక్క వీధిలోని పుట్టింటికి వెళ్లిపోయింది. ఆదివారం అమ్మ దగ్గరికి వచ్చి అందరి ముందూ చెప్పుకోమంది. నా మాట నిలబడితే వస్తుంది, లేకపోతే లేదు. అది చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో కోపం కూడా లేదు. కోపం ఉంటే ధైర్యంగా ఉండేది.

మర్నాడు సాయంత్రం ఉండబట్టలేక వెళ్లాను. కిటికీ దగ్గర ఆగిపోయాను. లోపల కుట్టుమిషను గడగడమంటోంది, మాటలు వినపడలేదు. అత్తగారు తొక్కుతూనే చేతులు తిప్పుతూ ఏదో చెప్తోంది. మా తోడల్లుడు తలూపుతున్నాడు. చివరికి ఆవిడ పెట్టెలోంచి ఒక గుండీ తీసింది. కోటుకి కుట్టేంత పెద్ద ఎర్ర గుండీ. ఆయన గొణుక్కుని జేబులో వేసుకున్నాడు. నా సంసారం మునిగిపోతున్న రోజున కూడా ఆయనకే గుండీ. అదీ పెద్దది. నేను తలుపు కొట్టకుండానే వెనక్కి వచ్చేశాను.

ఆఫీసులో ఆయన మేనేజర్ని ఒక్క మాట అనలేదు. లేచొచ్చిన పెళ్లికొడుకులందరికీ మళ్లీ గుర్తులు పెట్టుకుంటూ కూర్చున్నాడు. "అన్నయ్యా, మా ఆవిడకి మీరొక్క మాట చెప్పచ్చుగా" అని బతిమాలాను.

"ఆదివారం" అన్నాడు.

ఆదివారం చాప పరిచి ఉంది. అత్తగారు మిషను ముందు స్టూలు మీద, వదిన గుమ్మంలో, మా ఆవిడ కిటికీ వైపు తిరిగి. నాకు కుర్చీ తుడిచి ఉంది. మా తోడల్లుడు సొట్టలు పడ్డ బిస్కెట్ల డబ్బా ఒకటి ఒళ్లో పెట్టుకుని చాప మీద కూర్చున్నాడు.

"అత్తయ్యా, పేపరు సంగతి గుర్తుందా?"

"ఎందుకు లేదు, రోజూ పడుతోందిగా దిక్కుమాలింది."

"దారం ఎవరు పీకారు?"

"నేనే."

"ఊళ్లో లేనిది ఎవరు?"

"నేనే" అంది వదిన గుమ్మంలోంచి. "ఎన్నిసార్లు దెప్పుతారు?"

"తమ్ముడిదీ అదే. తీసెయ్యమన్నాడు, నేనే దారం కట్టాను. మా మేనేజరు పీకేశాడు. మూడో యంత్రం ఊరినుంచి వచ్చింది. పేపరు పడ్డట్టు తమ్ముడు మళ్లీ పడ్డాడు."

మా అత్తగారు కొత్త కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని నా వంక చూసింది. నేను గంటసేపు చెప్పినా తలకెక్కనిది ఒక పేపరుతో తేలిపోయింది. ఆ కష్టంలో కూడా నాకు అసూయే వచ్చింది.

"మరి ఈ మాట ఆ రోజే చెప్పచ్చుగా బావగారూ?" అంది మా ఆవిడ.

"మూడో యంత్రం వినకముందే చెప్తే, మళ్లీ లేచి కూర్చునేవాడు. నువ్వు ఇంకెప్పటికీ నమ్మేదానివి కాదు. ఇప్పుడు మూడూ విన్నాయి. వెతుక్కో, ఎక్కడా ఉండడు."

మా ఆవిడ ఫోను తీసి వెతికింది. పేరుతో వెతికింది, పొడుగుతో వెతికింది, శాంతస్వభావంతో కూడా వెతికింది. నేను ఎక్కడా లేనని తెలిసి నా భార్య అంత సంతోషించగా చూడటం నాకు అదే మొదటిసారి.

అత్తగారు గొంతు సవరించుకుంది. "అయితే ఆ ఎర్రది తీసెయ్ బాబూ."

"తీసేద్దాం. పాతవీ కలిపేద్దాం అత్తయ్యా. డబ్బా మూత పడటం లేదు."

"చిన్నల్లుడుగారి ముందా?"

"ఆయన ముందే. తమ్ముడు వినకపోతే తన మనసులో ఉన్నవి అలాగే ఉండిపోతాయి."

డబ్బా బోర్లించాడు. చాప మీద గుండీల వాన కురిసింది. అత్తగారు ఇన్నేళ్లూ ఇచ్చినవన్నీ.

"ఇవన్నీ మీ బహుమతులే కదన్నయ్యా" అన్నాను.

వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇవన్నీ నువ్వే తమ్ముడూ" అన్నాడాయన.

నాకు అర్థం కాలేదు. వదినే చెప్పింది. అత్తగారికి నామీద కోపం వచ్చినప్పుడల్లా ఆయనతో చెప్పుకుంటుందట. చెప్పడం అయ్యాక ఆయన ఒక గుండీ అడిగి తీసుకుంటాడట. గుండీ ఆయన దగ్గరుండగా ఆ మాట ఇంకెవరితోనూ అనకూడదు, నాతో గానీ, మా ఆవిడతో గానీ. అదీ ఒప్పందం. నేను ఇన్నేళ్లూ కిటికీల్లోంచి చూసి కుమిలిపోయిన ఒక్కొక్క గుండీ నా మీది ఒక్కొక్క ఫిర్యాదు. మా ఇంట్లో ఉన్న ప్రశాంతత నా శాంతస్వభావం వల్ల అనుకున్నాను. అది బిస్కెట్ల డబ్బాలో ఉంది.

ఆయన అప్పటికే పని మొదలుపెట్టాడు.

"ఈ నల్లది, గేటు వెయ్యకుండా పోతాడన్నారు. దీని తర్వాత గోధుమరంగుది, అడక్కుండా గేటు గొళ్లెం మార్చేశాడన్నారు. కొత్త మాటే నిజం. నల్లది తీసెయ్యనా?"

"తీసెయ్."

"గోధుమది?"

"గొళ్లెం బాగానే పడుతోందిలే. అదీ తీసెయ్."

"ఈ తెల్లది, దిండు గలీబు కుట్టి ఇస్తే బాగుందని కూడా అనలేదన్నారు. దీని తర్వాత ఈ నీలంది, బాగుందన్నాడు కానీ ఎవరో చెప్తే అన్నట్టుందన్నారు."

అత్తగారు ఆలోచించింది. "తెల్లది తీసెయ్. నీలం ఉంచు."

"అమ్మా" అంది మా ఆవిడ.

"ఉంచనీవే. అది నిజమే" అన్నాను నేను. గలీబు సంగతి నాకు మా ఆవిడే చెప్పింది మరి.

అలా గుట్ట కరుగుతూ వచ్చింది. అడుగున ఒక ముత్యపు గుండీ మిగిలింది. అన్నిటికంటే పాతది.

"ఇది, చిన్నల్లుడు తనకో చొక్కా కుట్టమని నన్ను అడగలేదన్నారు" అన్నాడు మా తోడల్లుడు. "దీనిపైన కొత్త మాటేం లేదు."

"అడిగించాను కదా అత్తయ్యగారూ" అన్నాను.

"అడిగించారు" అంది ఆవిడ గుండీల వంకే చూస్తూ. "అడగలేదు."

నేను తుడిచిన కుర్చీలోంచి లేచాను.

"నాకో చొక్కా కుట్టిపెట్టండి అత్తయ్యా."

ఆవిడ మెడలోంచి టేపు తీసింది. "ఇలా వెలుతురులోకి వచ్చి నిలబడు బాబూ."

మా తోడల్లుడు ముత్యపు గుండీని పక్కకి తీశాడు. నీలం ఒక్కటీ డబ్బాలో వేసి మూత పెట్టాడు. మూత పడింది. ఆయన చేతుల్లో ఆ డబ్బా ఎంత తేలిగ్గా ఉందో చూస్తే నాకు మళ్లీ అసూయ మొదలైంది. ఇంత చేసి కూడా ఆయన మొహంలో ఏదో చేసిన జాడ లేదు. నేనైతే ఊరంతా తెలిసేలా చూసుకునేవాణ్ణి.

ఆయన డబ్బా పట్టుకుని లోపలికి వెళ్లాడు. భుజాలు కొలుస్తూ అత్తగారు నా చెవి దగ్గర గొంతు తగ్గించింది.

"ఎవరితో అనకు బాబూ. మీ అన్నయ్య ఉన్నాడే, బంగారమే, కాదనను. కానీ ఆ డబ్బాలు చివరికి నా మంచం కింద కూడా చేరాయి. కాళ్లు చాపుకుందామంటే చప్పుడు."

"మంచం కింద డబ్బాలు" అని గొణుక్కున్నాను.

"ఏంటీ?"

"ఏం లేదు అత్తయ్యా. ఒక గుండీ ఇవ్వండి" అన్నాను. "జేబు కాస్త పెద్దదే పెట్టండి."